అరకు కొండదారి - సైకిలు పిడులు

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దారి. ఇందు సగము దూరము, అనగా శృంగవరపుకోట దాటువఱకు, దారి వరిచేల నడుమను మామిడితోటల నడుమను చదునుగా సాగును. బొడ్డవర దాటిన పిమ్మట కొండలు దగ్గఱకు వచ్చును. దారి మెలికలు తిరుగుచు పైకెక్క నారంభించును. అచ్చటినుండి టైడ, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్టల మీదుగా పోయి, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్న లోయలో దిగును. ఈ ప్రాంతమంతయు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. రైలులో కూర్చుండి సొరంగములు లెక్కించుకొనుచు అరకు చూచివచ్చినవారు మన పాఠకురాండ్రలో పెక్కండ్రుందురు. కారులో పోయినవారును గలరు. మేము మొన్నటి కార్తికమాసమున సైకిళ్లపై పోయి వచ్చితిమి. ఆ దారి సొగసును, ఆ దారికి తగినట్లు సైకిళ్ల పిడులను ఎన్నుకొన్న విధమును ఇచట విన్నవించుచున్నాము.

సైకిలు త్రొక్కుట కాళ్ల పనియని లోకమనుకొనును. కొండ యెక్కునపుడు అది నిజమే. దిగునపుడు మాత్రము పనియంతయు చేతులదే. శరీరపు బరువు ముందునకు వ్రాలి అరచేతులపై బడును. ఒకటి రెండు వ్రేళ్లు ఎల్లవేళల బ్రేకుపై నుండవలయును. మిగిలిన వ్రేళ్లును అరచేయియు హాండిలును విడువరాదు. ఆ చేతికిని ఉక్కుగొట్టమునకును నడుమ నుండునది జానెడైన లేని రబ్బరుతొడుగు. దుకాణములలో దీనిని గ్రిప్పు అందురు. సైకిలు కొనునప్పుడు గేర్లను చూతుము, చక్రములను చూతుము, రంగును చూతుము. దీనిని చూచువారు అరుదు.

మాకు దీని విలువ తెలిపినది మా ఆడుబిడ్డ కుమార్తె. ఆమె యింటర్మీడియెటు చదువుచున్నది. గేర్లుగల కొండసైకిలు ఆమెకు ప్రాణము. శ్రావణమాసపు వానలో సింహాచలము కొండ దిగుచుండగా, ఒక మలుపువద్ద బ్రేకు పట్టినంతనే కుడిచేతి గ్రిప్పు గొట్టముపై గిఱ్ఱున తిరిగిపోయెను. పిల్ల అదుపు తప్పి దారిప్రక్క మట్టిదిబ్బపై బడెను. మోకాలు చెక్కుకొనిపోవుటతో సరిపోయెను. అయినను ఇంట పెద్ద చర్చ జరిగెను. మా ఆడుబిడ్డ సైకిలునకు తాళమువేసి, "ఇక చాలు, ఆడపిల్లవు, కాలో చేయో విఱుగక ముందే మానుము" అనెను. పిల్ల రెండు దినములు అన్నము సరిగా తినలేదు.

ఆ తగవు తీర్చినది మా అత్తగారు. ఆమెకు డెబ్బదియెనిమిది యేండ్లు, సైకిలెక్కి యెఱుగరు. తాళమువేసిన సైకిలు దగ్గఱకు పోయి, ఆ గ్రిప్పును చేతితో పట్టి త్రిప్పి చూచి, కూతునితో నిట్లనిరి: "తిరుగలి పిడి వదులైన అరచేయి బొబ్బలెక్కును. అందుకని తిరుగలిని వీథిలో పారవేసితిమా? పిడి మార్చుకొంటిమి. దీని పిడియు మార్పించి చూడుడు." ఆ మాటతో తాళము వచ్చినది. గట్టి పిడులు వేయించిన పిమ్మటనే, అదియు పెద్దవారి తోడుతోనే, అరకు పోవలెనని తీర్మానమయ్యెను.

దుకాణదారుడు మమ్ము చూచినతోడనే గులాబిరంగు గ్రిప్పులు తీసి బల్లపై పెట్టెను. "పాపకు ఇవి బాగుండునమ్మా" అనెను. మా పిల్ల, "రంగు తరువాత చూతము లెండి. మందమెంతో ముందు చెప్పండి" అనెను. అతడు నవ్వి పెట్టెలన్నియు దింపెను. అప్పుడు మేము తెలిసికొన్న సంగతులివి.

కొండసైకిళ్ల హాండిలు, చేయిపట్టుచోట, 22.2 మిల్లీమీటర్ల లావుండుట పరిపాటి. కావున గ్రిప్పు లోపలి కొలత చాలవఱకు ఒక్కటే. వెలుపలి లావు మాత్రము 28 మొదలు 34 మిల్లీమీటర్లవఱకు పలువిధములుగా నుండును. లావుది కుదుపును కొంత మ్రింగును. కాని చిన్నచేతులవారు దానిని పట్టుకొనుటకే అలసిపోదురు. సన్ననిది పట్టునకు బాగుండును. కుదుపు మాత్రము ఎముకలదాక పోవును. చేతితొడుగులు వేసికొనువారు వానితోడనే పట్టి చూడవలయును. పొడవు సామాన్యముగా 130 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. చేతితో త్రిప్పెడి గేర్లున్న సైకిళ్లకు మాత్రము ఆ వైపున పొట్టిది కావలయును.

ఇక రబ్బరు సంగతి. రబ్బరనునది బ్రెజిలు దేశమున పుట్టిన చెట్టుయొక్క పాలు. పచ్చిరబ్బరు వేడికి జిగురై, చలికి పెళుసగును. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్ ఇయర్ దానిని గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషములు పోవునని కనిపెట్టి, 1844లో పేటెంటు పొందెను. నేటి గ్రిప్పులలో చెట్టు రబ్బరే కాక, కృత్రిమ రబ్బరులును, సిలికోనును, స్పంజియు గలవు. మెత్తని రబ్బరు చేతిని అంటిపెట్టుకొనును, త్వరగా అరుగును. గట్టిది చిరకాలముండును, చేతిని నొప్పించును. మామూలు స్పంజి హాయిగా నుండును గాని వాననీటిని చెమటను పీల్చుకొని బరువెక్కును. చెమటచేతులవారికి నున్ననిది పనికిరాదు. గళ్లు గళ్లుగానో గీతలుగానో చెక్కినది మేలు.

బిగింపులో రెండు పద్ధతులు గలవు. మొదటిది గొట్టమునకు ఊరక తొడుగునది. గొట్టమును శుభ్రముగా తుడిచి, లోపల కొంచెము స్పిరిటు పోసి వెంటనే త్రోసినచో, అది ఆవిరియై పోగా రబ్బరు గట్టిగా పట్టుకొనును. నూనె పూసి తొడుగుట మాత్రము ప్రమాదము; అది ఆరదు, రబ్బరును చెఱచును. రెండవదానికి రబ్బరు లోపల గట్టి గొట్టమొకటియు, కొనయందు లోహపు క్లాంపును ఉండును. చిన్న అలెన్ కీతో మర బిగించినచో అది తిరుగదు. వెల యెక్కువ. మేము రెండవదే కొంటిమి. పిల్లకు 30 మిల్లీమీటర్ల లావుగల గళ్ల గ్రిప్పులు కుదిరినవి.

మాకు వేఱొక చిక్కు గలదు. అరగంట సైకిలు త్రొక్కినచో చిటికెనవ్రేలును దాని ప్రక్కవ్రేలును తిమ్మిరెక్కును. అరచేతి అడుగున, చిటికెనవ్రేలివైపు, ఎత్తుగా నుండు కండక్రిందుగా ఒక నరము పోవుచున్నది. గుండ్రని పిడి ఆ చోటనే ఒత్తును. ఇట్టివారికై, వెలుపలికొనయందు ఱెక్కవలె వెడల్పైన గ్రిప్పులు గలవు. అవి బరువును అరచేయియంతటికి పఱచును. ఱెక్కను మణికట్టు వంగకుండ, ముంజేతితో తిన్నగా నుండునట్లు త్రిప్పి బిగించుకొనవలయును. మేమవి కొంటిమి.

గ్రిప్పు కొనయందలి మూతను గూర్చి తల్లులు తప్పక తెలిసికొనవలయును. మూత ఊడి గొట్టపు నోరు తెఱచియున్నచో, పిల్ల పడినపుడు ఆ అంచు పొట్టలో దిగి లోపలి అవయవములకు గాయము చేయగలదు. మూడుచక్రముల బండియైనను, పెద్ద సైకిలైనను, ఆ మూత లేక బయటికి పంపరాదు.

ఇట్లు సిద్ధపడి, శృంగవరపుకోటనుండి పిల్లయు మేమును సైకిళ్లెక్కితిమి. మా ఆడుబిడ్డ నీరును పలహారములును బెట్టుకొని కారులో వెనుక వచ్చెను. టైడవద్ద దారిప్రక్క గిరిజన స్త్రీలు బుట్టలలో సీతాఫలములు అమ్ముచుండిరి. దూరమున ఇనుపరాయి మోయు గూడ్సురైలు కొండలో దూరి మఱల బయటికి వచ్చుట కనబడెను. బైలడిల ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున జపానువారి సహాయముతో వేసిన మార్గమది. అనంతగిరి దగ్గఱ కాఫీతోటలు. ఎత్తైన సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియపుతీగెలు. గిరిజనులు పండించు ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఎక్కుచున్నంతసేపు గ్రిప్పుల మాటయే తోచలేదు. గాలికొండ దాటి దిగుట మొదలుపెట్టగానే మంచు క్రమ్మెను. దారి తడిసి నల్లగా మెఱయుచుండెను. ఇట్టి దిగుడులలోనే కొండసైకిలు పుట్టినదని పిల్ల చెప్పెను. 1976లో కాలిఫోర్నియాలోని మరీన్ ప్రాంతమున కుఱ్ఱవాండ్రు పాతసైకిళ్లపై కొండదిగు పందెములు పెట్టుకొనిరట. ఒక్క దిగుడునకే వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు కాలిపోగా, మఱల నింపుకొనవలసివచ్చెడిదట.

ఆ మాటలు ముగియకుండగనే ఒక మలుపున లారీ ఎదురయ్యెను. పిల్ల రెండు బ్రేకులను పట్టి దారియంచునకు ఒదిగి, నిలువుగా ఆగెను. కుడిచేతి గ్రిప్పు వెండ్రుకవాసియైన కదలలేదు. వెనుక కారులోనుండి మా ఆడుబిడ్డ అది చూచెను. కేక వేయలేదు, ఆగుమనలేదు. సుంకరిమెట్టవద్ద కాఫీ త్రాగుటకు నిలిచినపుడు, "చేయి చూపు" అని కూతురి అరచేతిని తన చేతిలోనికి తీసికొని వ్రేళ్లు ఒక్కొక్కటిగా నొక్కి చూచెను. "నొప్పి లేదమ్మా" అని పిల్ల అనెను. "అట్లయిన ఇంకను దిగుడున్నదట, పద" అని తల్లియే ముందుగా లేచెను. మాకును తిమ్మిరి తక్కువగానే యుండెను. అరగంటకొకసారి ఆగి చేతులు విదిల్చుకొంటిమి. ఎంత మంచి గ్రిప్పైనను ఈ విశ్రాంతికి బదులు కాదు. లోయలో దిగునప్పటికి మంచు విడిపోయి, వలిసెచేలు పసుపు ఆరబోసినట్లు పూచియుండెను.

సైకిలుగల యిండ్ల సోదరీమణులు ఒక్క పరీక్ష చేసి చూడవలయునని మా మనవి. చేతులు నీటితో తడుపుకొని, గ్రిప్పును గట్టిగా పట్టి ముందువెనుకలకు మెలిపెట్టుడు. అది గొట్టముపై తిరిగినను, చేయి జాఱినను, గళ్లు అరిగి నున్నబడినను, రబ్బరు చిట్లినను, జిగురెక్కినను మార్పింపుడు. కొనయందు మూత ఉన్నదో లేదో చూడుడు. బండిని ఎండలో వదలకుడు. ఎండ రబ్బరును చెఱచును. ఇదంతయు పిల్ల జడ వేసికొనునంత సేపు పట్టదు.