పాదలేపం

మనుచరిత్రలో ప్రవరుడి కథ ఏటా బి.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతూనే ఉన్నాను. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని, అగ్నిహోత్రం వేళకు తిరిగి వచ్చేద్దామని హిమాలయాలకు వెళ్లిన గృహస్థు. మంచుకు పసరు కరిగిపోయింది. దారి తెలియక నిలబడిపోయాడు. తరగతిలో పిల్లలంతా వరూధిని ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటారు. నేనూ త్వరగా ఆమె దగ్గరికే పోతుంటాను. ఆ పసరు దగ్గర ఆగవలసిన పని ఉన్నదని నాకు 2024 ఏప్రిల్ చివరి వారంలో, బాఫిన్ దీవి పక్కన, గడ్డకట్టిన సముద్రం మీద నిలబడినప్పుడు తోచింది.

నా పాదలేపం మా బావగారి డబ్బు. ఆయనా మా చెల్లెలూ అట్టావాలో ఉద్యోగాలు చేస్తున్నారు. వసంతకాలపు కుక్కలబండి యాత్ర, నాలుగు రోజులు, గుడారాల్లో బస, గైడు తోడు – ఇద్దరికీ సరిపడా సొమ్ము ముందే కట్టారు. తీరా ఆయనకు సెలవు దొరకలేదు. కట్టిన సొమ్ము తిరిగి రాదు. చుట్టపు చూపుగా వెళ్లిన నేను ఆ ఖాళీలో కూర్చున్నాను. ఒక మనిషికి అయిన ఖర్చు నా మూడు నెలల జీతం అని చెల్లెలు విమానం ఎక్కాక గాని చెప్పలేదు.

అట్టావా నుంచి ఇకాలుయిట్‌కు మూడు గంటల ప్రయాణం. రోడ్డు లేదు; ఏ ఊరి నుంచీ లేదు. నూనావుట్ అనే ప్రాంతానికి అది రాజధాని. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన ప్రాంతం అది. జనం ఏడువేల పైచిలుకు. ఇకాలుయిట్ అంటే చేపలు సమృద్ధిగా ఉన్న చోటు. 1942లో అమెరికా సైన్యం అక్కడ విమాన స్థావరం కట్టింది. 1987 దాకా ఆ ఊరిని ఫ్రోబిషర్ బే అనే పిలిచారు. ఆ ఫ్రోబిషర్ 1576లో వచ్చిన ఇంగ్లీషు నావికుడు. నల్లరాయిని బంగారమనుకుని ఓడలకొద్దీ ఇంగ్లాండుకు మోయించిన ఘనుడు. రాయి రాయిగానే తేలింది. ఆయన పేరు మాత్రం ఆ అఖాతానికి ఇంకా అంటుకునే ఉన్నది.

యాత్ర కంపెనీ కరపత్రంలో 'మనిషి అడుగు పడని ప్రకృతి' అని ఉన్నది. నాకది చదవగానే ఒళ్లు పులకరించిందని దాచుకోకుండా చెబుతున్నాను. వర్గ దృష్టితో సాహిత్యాన్ని చూడాలని పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి, కరపత్రం ముందు మాత్రం అచ్చమైన మధ్యతరగతి భావకవినయ్యాను.

వసంతమంటే మనకు మామిడి చిగురు, కోయిల. అక్కడ వసంతమంటే వెలుగు. ఆ ఊరు ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణానే ఉన్నది. అయినా రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆకాశం ఇంకా నీలంగానే ఉన్నది. చలి రాత్రిళ్లు మైనస్ పద్దెనిమిది. మంచు మీద సీళ్లు తమ కన్నాల పక్కన ఎండకు పడుకుని, తల ఎత్తి చూసి, మళ్లీ పడుకుంటున్నాయి. సముద్రం జూన్ దాకా గట్టిగానే ఉంటుందట.

బండిని వాళ్లు కముతిక్ అంటారు. రెండు పొడుగాటి పట్టీలు, వాటి మీద అడ్డకర్రలు. మేకు ఒక్కటీ లేదు. అన్నీ తాళ్లతో బిగించినవే. మేకులు కొట్టిన బండి ఎగుడుదిగుడు మంచు మీద విరిగిపోతుంది. తాడుతో కట్టినది ఒంగుతుంది, మెలి తిరుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. కుక్కలు పది. అడవి ప్రాంతాల్లో జోడు జోడుగా కడతారు. ఇక్కడ చెట్టే లేదు గనక ఒక్కొక్క కుక్కకూ వేరే తాడు, వేరే పొడుగు; విసనకర్ర విప్పినట్లు పరుచుకుని లాగుతాయి. ఒకచోట మంచు పలుచగా ఉంటే బరువంతా ఒకే గీత మీద పడదు. ఇదంతా ఏ కాలేజీలోనూ చెప్పిన పాఠం కాదు. తరాల తరబడి పనిలో పుట్టి, పనిలో పరీక్షకు నిలిచిన శాస్త్రం.

మొదటి గంటలోనే నా భావకవిత్వం వదిలింది. ఆ అఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య నీరు పది మీటర్లకు మించి లేస్తుంది, దిగుతుంది. అందువల్ల ఒడ్డున మంచు పగిలి గోడలు గోడలుగా నిలుస్తుంది. అక్కడ బండి దిగి తొయ్యాలి. గైడు యాభై దాటిన ఇనూయిట్ మనిషి. ముందు నడిచి మంచు చూస్తాడు, చిక్కుపడిన తాళ్లు చేతి జోళ్లు తీసి విప్పుతాడు, బండి వెనక్కి వచ్చి భుజం పెడతాడు. సాయంత్రం గుడారం వేసి, మంచు కరిగించి టీ కాచి, గడ్డకట్టిన సీలు మాంసం గొడ్డలితో నరికి కుక్కలకు వేశాడు. ఆయన కూర్చున్నది అప్పుడే. మేము ఆ పూటంతా ఫోటోలు తీసుకున్నాము.

గుడారంలో నేను అడిగిన ప్రశ్న ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "ఈ కుక్కలు మీకు తాతల నాటి నుంచి వస్తున్నవా?" అన్నాను. పాఠ్యపుస్తకపు ప్రశ్న.

"లేదు" అన్నాడు. "మా తాత కుక్కల్ని 1960 ప్రాంతంలో పోలీసులు కాల్చేశారు. నేనివి వేరేచోట కొని మొదలుపెట్టాను."

అంతకుముందు వాళ్ల కుటుంబం తీరంలో వేట స్థావరంలో ఉండేది. పిల్లలు బడికి రావాలి, భత్యం కావాలంటే ఊళ్లో ఉండాలి అన్నారు. వచ్చారు. ఊళ్లో కుక్కల్ని కట్టెయ్యాలని చట్టం. విడిగా తిరిగేదాన్ని కాల్చవచ్చు. ఆ చట్టం ఇంగ్లీషులో ఉన్నది. తాతకు ఇంగ్లీషు రాదు. కుక్కలు పోయాక వేటకు వెళ్లే దారి లేదు. వెనక్కి స్థావరానికి పోయే దారీ లేదు. ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. ప్రభుత్వ పుస్తకాల్లో ఆయనకు పేరుకూడా సరిగ్గా లేదు. 1940ల నుంచి ఇనూయిట్ ప్రజలకు మెడలో వేసుకునే బిళ్ల మీద అంకె ఇచ్చారు. ఇంటిపేర్లు నమోదు చేసే కార్యక్రమం 1968 తర్వాత గాని మొదలు కాలేదు.

ఇది ఒక్క కుటుంబం కథ కాదు. పోలీసు శాఖ 2006లో తన నివేదిక తానే రాసుకుని, పథకం ప్రకారం జరిగినదేమీ లేదు, ప్రజల భద్రత కోసం చేశామన్నది. రోగాలూ, పిల్లల్ని కరవటమూ ఉన్న మాట నిజమే. అయితే ఇనూయిట్ ప్రజలు తామే వేసుకున్న కికిక్తానీ సత్య కమిషన్ వందలమందిని విని 2010లో తన నివేదిక ఇచ్చింది. 2019 ఆగస్టులో కెనడా ప్రభుత్వం ఇకాలుయిట్‌కు వచ్చి క్షమాపణ చెప్పింది. నేను తిరిగి వచ్చిన తర్వాత, 2024 నవంబరులో, క్విబెక్ ఉత్తర ప్రాంతం వాళ్లకూ చెప్పింది.

1922లో ఫ్లాహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' చూసి మెచ్చుకోని సినిమా విమర్శకుడు లేడు. అందులో నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. తుపాకీతో వేటాడే మనిషి చేత కెమెరా కోసం బల్లెం పట్టించారు. లోపల వెలుతురు చాలదని సగం మంచు ఇల్లే కట్టించారు. డబ్బు పెట్టినది బొచ్చు వ్యాపారం చేసే కంపెనీ. నేను అడిగిన ప్రశ్న కూడా ఆ బల్లెం లాంటిదే.

నాకు కోపం వచ్చింది. కోపం ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది. ఈ యాత్రలు దోపిడీ అనీ, చంపినదాన్నే మళ్లీ అలంకరించి అమ్ముతున్నారనీ, కరపత్రం మాట ఎత్తి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. చెల్లెలు తెలుగులో "అన్నయ్యా, ఇక ఆపు" అన్నది. ఆయన టీ తాగుతూ విన్నాడు. తర్వాత లెక్క చెప్పాడు. వేటకిప్పుడు అందరూ మంచు మీద నడిచే మోటారు బండ్లే వాడతారు. పది కుక్కల తిండికి ఏడాది పొడుగునా సీళ్లు కావాలి. సీలు కావాలంటే పెట్రోలు, తూటాలు కావాలి. "మీరు రాకపోతే ఈ కుక్కలు లేవు. కుక్కలు లేకపోతే నా కొడుక్కి వీటి మాటలు రావు" అన్నాడు. బండి ఎక్కిన దగ్గరి నుంచి ఆయన కుక్కలతో ఇనుక్టిటూట్‌లో, మాతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడన్న సంగతి అప్పుడు గమనించాను.

అంటే దోపిడీ లేదని కాదు. మా సొమ్ములో కంపెనీకి పోయినదెంత, ఆ మనిషికి వచ్చినదెంత అని అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. కాని నా సానుభూతి ఆయన లెక్కలో ఏ పద్దు కిందికీ రాలేదు.

"మీ దేశంలో అడవుల్లో ఉండేవాళ్లున్నారా?" అని ఆయన అడిగాడు. ఉన్నారన్నాను. పోడు సంగతి చెప్పాను. 1882 మద్రాసు అడవి చట్టం, 1922లో మొదలైన రంప తిరుగుబాటు – పాఠం బాగానే చెప్పాను. "వాళ్ల ఇళ్లలో ఎప్పుడైనా పడుకున్నావా?" అన్నాడు. నేను పనిచేసే రాజమండ్రి నుంచి రంపచోడవరం బస్సులో రెండు గంటలు. ఒక్క రాత్రి కూడా ఉండలేదని చెప్పాను. ఆయన దానికేమీ అనలేదు. కుక్కలు మొరుగుతుంటే రైఫిలు తీసుకుని బయటికి వెళ్లి చూసి వచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఒడ్డు దగ్గర మళ్లీ మంచు గోడలు. ఈసారి చెప్పకముందే దిగి తోశాను. తప్పుచోట తోస్తున్నానని నన్ను పక్కకు జరిపాడు.

అట్టావా చేరగానే బావగారు అడిగిన మొదటి ప్రశ్న, "ధ్రువపు ఎలుగుబంటి కనిపించిందా?" అని. లేదన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. సొమ్ము ఆయనది మరి.