ఖాలీ ప్లేటు పంపకూడదు



రెండేళ్ల కిందటి రంజాన్. మా చిన్నది తొమ్మిదో ఏట మొదటి రోజా పట్టింది. మగ్రిబ్‌కి ఇంకా పావుగంట ఉందనగా పక్కింటి ఖాలా ప్లేటు మీద రుమాలు కప్పుకుని వచ్చింది. ఖీమా సమోసాలు, బేకరీ నుంచి తెప్పించిన ఖారా బిస్కట్లు. "మొదటి రోజా కదా బేటీ, నీకోసమే" అని పిల్ల ముందు పెట్టింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "ఈరోజు కూడా నక్కోనా అమ్మీ?"

నేను తల అడ్డంగా ఊపాను. ఖాలా మొహం చిన్నబోయింది. "ఒక్క బిస్కట్‌కి ఏమవుతాదే? రోజాదారు నోట్లోకి పోయేదాన్ని ఆపుతావా?" అనింది. అజాన్ అయింది. పిల్ల ఖర్జూరంతో ఇఫ్తార్ చేసి, పుచ్చకాయ ముక్కలు తిని లేచిపోయింది. ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడ్డానే గానీ దిల్ అక్కడ లేదు.

మా పిల్లకి సీలియాక్. అంతకుముందు రెండేళ్లు కడుపుబ్బరం, రక్తం తక్కువ, ఎత్తు పెరగకపోవడం. నులిపురుగులన్నారు, నజర్ తగిలిందన్నారు. చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి అసలు సంగతి తేల్చారు. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ లోపలికి పోతే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. దీనికి దవా లేదు, జిందగీ అంతా పరహేజ్ ఒక్కటే. డిక్కీ అనే డచ్చి పిల్లల డాక్టరు, రెండో ప్రపంచ యుద్ధంలో రొట్టె కరువైన 1944-45 చలికాలంలో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ దొరకగానే పడిపోవడం గమనించాడట. లోకమంతా ఆకలితో ఉన్నప్పుడు ఆ పిల్లలకి ఆరాం దొరికింది. అల్లాహ్ హిక్మత్!

మాది తోటపల్లి గూడూరు. చుట్టూ వరి పొలాలు, అవతల రొయ్యల గుంటలు, ఆపైన కోడూరు సముద్రం. నెల్లు అంటే వరి, అందుకే నెల్లూరు అని పెద్దలంటారు. ఇలాంటి ఊళ్లో గోధుమ మానడం ఎంతపని అనుకున్నా. అన్నం, ఇడ్లీ, దోసె, దాదీ చేసే మురుకులు అన్నీ బియ్యమే. కానీ లెక్క వేస్తే మా ముహబ్బత్ అంతా గోధుమలోనే ఉంది. ఈద్‌కి షీర్ ఖుర్మాలో సేమ్యా గోధుమదే. హలీమ్ గోధుమే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే ఉస్మానియా బిస్కట్ మైదా. నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండగలో చెరువు నీళ్లలో నిలబడి ఎవరో చదువు రొట్టె ఇస్తే, పిల్ల దాన్ని కళ్లకద్దుకుని నాకే ఇచ్చేసింది.

ఖాలా బిస్కట్ల మర్నాటి నుంచే మొదలుపెట్టాను, మైదా లేని ఖారా బిస్కట్ చేయాలని. మొదటిసారి ఉత్త బియ్యప్పిండితో చేస్తే పట్టుకోగానే ఇసకలా రాలిపోయింది. రెండోసారి శనగపిండి ఎక్కువైంది, పచ్చివాసన. మూడోసారి పలుకురాయి. మా ఆయన చాయ్‌లో అరగంట నానబెట్టి తిని "బాగుంది" అన్నారు పాపం.

పిండిని జిగురులా పట్టి ఉంచేది గ్లూటెనే. దాన్ని తీసేస్తే ఆ పని ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరు దాదీ అల్మారాలోనే ఉన్నారు: రోజూ రాత్రి నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్‌గోల్! నీళ్లు పీల్చి జిగురవుతుంది కదా, పిండిని కూడా అలాగే పట్టుకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో కుదిరిన లెక్క ఇది. మెత్తటి బియ్యప్పిండి ఒక కప్పు, జొన్నపిండి అర కప్పు, శనగపిండి అర కప్పు, ఇసబ్‌గోల్ ఒక పెద్ద చెంచా, బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా. వేయించి నలిపిన జీరా, అర చెంచా వాము, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, సన్నగా తరిగిన రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొత్తిమీర. చల్లటి వెన్న 120 గ్రాములు వేసి వేళ్లతో పొడిపొడిగా నలిపి, మూడు నాలుగు పెద్ద చెంచాల పెరుగుతో ముద్ద చేయాలి. అరగంట మూతపెట్టి వదిలేయండి, ఇక్కడ జల్దీ పనికిరాదు. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి వత్తి, కోసి, 170 డిగ్రీల ఓవెన్లో 20 నుంచి 25 నిమిషాలు. అంచులు ఎర్రబడితే చాలు. వేడిమీద ముట్టుకుంటే విరుగుతాయి. ట్రేలోనే చల్లారనివ్వాలి, సబర్.

మసాలా కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి. నేను ఇంగువ వేయను. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. మూడు నెలలు తెలియక వాడి, పిల్లకి మళ్లీ కడుపునొప్పి ఎందుకొస్తా ఉందని ఏడ్చాను. మిల్లులో పట్టించిన పిండీ వద్దు. మనకంటే ముందు గోధుమలు పోసి ఉంటారు. బియ్యం, జొన్నలు, శనగపప్పు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పడతాను. జల్లెడ, పీట, ట్రే అన్నీ దానికి వేరే. ప్యాకెట్టు కొంటే లేబుల్ చదవండి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని కాయిదా. ఒక్క బిస్కట్‌కి ఏమవుతాదే అంటే, అందుకే చెప్తున్నా, అవుతుంది.

బిస్కట్లు కుదిరేసరికి ఆ రంజాన్ ఆఖరి అష్రా వచ్చేసింది. ఖాలా ప్లేటు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాలీ ప్లేటు వాపస్ పంపకూడదు కదా. అసర్ తర్వాత పిల్లే ప్లేటు నిండా బిస్కట్లు పెట్టుకుని పోయింది. తిరిగొచ్చి, "ఖాలా ఏడ్చింది అమ్మీ" అనింది. నాకు భయమేసింది. చెప్పు వేసుకుని పరిగెత్తా.

ఖాలా మంచం మీద కూర్చోనుంది. "జబ్బని నాకు సరిగ్గా చెప్పలేదేమే? నీకు గుమాన్ అనుకున్నా. పిల్లని అంత మాటన్నా" అనింది. నిజమే. పరహేజ్, పరహేజ్ అని అందరినీ తప్పించుకున్నానే గానీ, కూర్చుని సమ్‌ఝాయించింది ఎవరికి? సిగ్గు నాదే. మాఫ్ చేయమని ఆమె చేయి పట్టుకున్నా.

పోయిన రంజాన్‌కి ఖాలా ప్లేటు పంపలేదు. తనే వచ్చింది, ఉత్త చేతులతో. "మా ఇంట్లో అంతా మైదా దుమ్ము. మీ వంటింట్లోనే చేస్తా, ఆ పీట ఇలా ఇవ్వు" అని కొంగు దోపుకుంది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి మరీ పిల్లకి చూపించింది. బియ్యప్పిండి సమోసాలు సగం పగిలిపోయాయి. అజాన్ అయ్యాక దస్తర్‌ఖాన్ మీద అందరి ముందు ఒకే ప్లేటు. పిల్ల చేయి ముందుగా పోయింది, ఈసారి నా మొహం చూడకుండానే.