ఒక ఏటి బొమ్మల పద్దు

జపాను వాళ్ళు తీసే బొమ్మల సీరియళ్ళను అనిమే అంటారు. 2024లో కొత్తగా మొదలైనవాటిలో ఏడింటిని, 2023 సెప్టెంబరులో మొదలై 2024 మార్చి దాకా నడిచినదాన్ని ఇంకొకదాన్ని కలిపి, మొత్తం ఎనిమిదింటిని వరుసగా చూశాను. భాగాలు లెక్కపెడితే 145. ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. వెరసి 58 గంటలు. కామర్సు చదివి, బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా పద్దులు చూస్తున్నవాణ్ణి. పెట్టిన పెట్టుబడికి వచ్చిందెంత అని కాగితం మీద వేసి చూడకపోతే నాకు నిద్రపట్టదు. పాఠకులు దీన్ని ఆ కాగితమే అనుకోవచ్చు.

యాభై దాటినవాడికి బొమ్మలేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇది నాకు కొత్త పిచ్చి కాదు, మానుకున్న పిచ్చి. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున మోగ్లీ కథ వచ్చేది. అప్పుడే ఉద్యోగంలో చేరినవాణ్ణి. హోసూరులో మా వీధిలో హిందీ వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. అయినా ఆ అరగంట వీధి వీధంతా టీవీల ముందే. అది జపాను వాళ్ళు 1989లో 52 భాగాలుగా తీసినదని తెలిసింది చాలా ఏళ్ళకు. 2004 నాటికి మా వాడికి ఏడేళ్ళు. పోకెమాన్, డ్రాగన్ బాల్ జెడ్ వాడితో కూర్చుని చూడడం మొదలుపెట్టి, వాడు నిద్రపోయాక కూడా నేను లేచేవాణ్ణి కాదు. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే సీరియల్‌లో ఒక సూత్రం ఉంది: ఏదైనా పొందాలంటే దానికి సమానమైనది ఇవ్వాలి. జమకు ఖర్చు సరిపోవాలన్నమాట. మా గుమాస్తాల ధర్మాన్నే ఎవరో కథగా అల్లినట్లుంది. 51 భాగాల్లో చెప్పవలసింది చెప్పి ముగించారు.

ముగించడం అన్నది తక్కినవాళ్ళు మరిచిపోయారు. నరుటో రెండు విడతలూ కలిపితే 720 భాగాలు. ఒక్కోటి 22 నిమిషాలనుకున్నా 264 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 33 పనిదినాలు! బదిలీలు, ఆడిట్లు, మా వాడి పరీక్షలు, వీటి మధ్య ముగింపు లేని కథలకు నా దగ్గర సెలవులు మిగలలేదు. 2010 ప్రాంతంలో మానేశాను. ఇప్పుడు మళ్ళీ చూడడానికి కారణం మా వాడే. ఉద్యోగం పూణేలో. ఆదివారం ఫోను చేస్తే, "బాగుండావా, తిన్నావా" తరువాత ఇద్దరికీ మాట దొరికేది కాదు. ఒక ఆదివారం, "నాయనా, ఈ ఏడు మంచివి వచ్చినాయి, చూడు, మాట్లాడుకుందాం" అన్నాడు. జాబితా వాడు పంపిందే. అభిప్రాయాలు మాత్రం నావి.

ముందు సోలో లెవెలింగ్. ఇది కొరియా నవల, తీసింది జపాను వాళ్ళు. అందరికంటే బలహీనుడైన వేటగాడు, ఆసుపత్రిలో నిద్ర లేవని తల్లి, ఆమె వైద్యానికి డబ్బు కావాలి. మొదట్లో రాతి విగ్రహాలున్న గుడి ఒకటి వస్తుంది. అక్కడ రాతి పలక మీది నియమాలను సరిగ్గా అర్థం చేసుకున్నవాడే బతుకుతాడు. అంతవరకు ఊపిరి బిగబట్టి చూశాను. తరువాత అతనికి మాత్రమే కనిపించే ఒక పలక మీద అంకెలు పెరుగుతూ పోతాయి. బలం ఇంత, వేగం ఇంత. పాసుబుక్కులో నిలవ పెరుగుతుంటే చూసుకునే సంతోషం లాంటిదది. నేను కాదనను. కాని అతను పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న మనుషులు వెలిసిపోతారు. 2025లో క్రంచీరోల్ అవార్డుల్లో ఏటి ఉత్తమ అనిమేగా ఇదే గెలిచింది. కుర్రవాళ్ళకు ఎందుకు నచ్చిందో తెలుస్తూనే ఉంది.

దీన్ని నేను తెలుగులోనే చూశాను. మోగ్లీ నాకు హిందీలో వచ్చాడు, తరువాతివి ఇంగ్లీషులో వచ్చాయి. ముప్ఫై ఏళ్ళకు మా ఇంట్లో ఒక కొరియా కుర్రవాడు తెలుగులో మాట్లాడాడు. సంతోషించాను. మా వాడిచేత కూడా తెలుగులో ఒక భాగం చూపించాను. "తెలుగు బాగనే ఉంది నాయనా. కానీ ఇది ఏ ఊరిది? మన అవ్వ ఇట్ల మాట్లాడేది గాదు కదా" అన్నాడు. నిజమే. తెర మీది తెలుగు ఉతికి ఇస్త్రీ చేసిన తెలుగు, ఏ ఊరి మట్టీ అంటనిది. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు అది ఇంకాస్త దూరం. అయినా రాకపోవడం కంటే రావడం మేలనే నా లెక్క.

కైజు నెంబర్ 8లో కథానాయకుడికి 32 ఏళ్ళు. ఊళ్ళమీద పడే భూతాకారపు జంతువులను సైన్యం చంపితే, ఆ కళేబరాలను ఎత్తి శుభ్రం చేసే కూలీ. యుద్ధం అయ్యాక వీధులు ఎవరు కడుగుతారన్న ప్రశ్న ఒక కథకు తట్టడమే గొప్ప. ఆ పని వాసనతో సహా కనిపిస్తుంది. కాని అతను తానే ఒక భూతంగా మారే శక్తి సంపాదించగానే కథ చీపురు పక్కన పడేసింది. తరువాత అందరూ చేసే యుద్ధమే. నాకు కావలసింది ఆ చీపురు.

దాందాదాన్‌లో దయ్యాలను నమ్మి గ్రహాంతరవాసులను నమ్మని అమ్మాయి, వాళ్ళను నమ్మి దయ్యాలను నమ్మని అబ్బాయి. పరుగే పరుగు. మొదటి భాగంలో ఆ అమ్మాయిని నిలబెట్టిన తీరు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు, ముందే చెబుతున్నాను. కాని ఏడవ భాగం కోసం ఓర్చుకోవచ్చు. మనల్ని భయపెట్టిన దయ్యం ఒకప్పుడు ఏ తల్లో, బిడ్డ కోసం ఎన్ని పనులు చేసిందో, ఆ బిడ్డను ఎలా పోగొట్టుకుందో, మాటలు దాదాపు లేకుండా చూపించారు. నేను టీవీ ఆపి పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

రాన్మా 1/2, డ్రాగన్ బాల్ దైమా రెండూ పాత ఖాతాలకు కొత్త పుస్తకాలు. రాన్మా మొదట టీవీకి వచ్చింది 1989లో. 35 ఏళ్ళ తరువాత మళ్ళీ తీస్తూ ముఖ్యమైన పాత్రలకు ఆనాటి గొంతులనే పిలిపించారు. ఆ గొంతుల వయసు తెలియనే తెలియదు. దైమా కథలో పెద్దవాళ్ళంతా పిల్లలైపోతారు. దాన్ని ఊహించిన అకిరా తోరియామా 2024 మార్చి 1న పోయారు. సీరియల్ మొదలైంది అక్టోబరులో. 20 భాగాల్లో గొప్పగా చెప్పదగ్గది తక్కువే. అయినా పోయినవాడు పెట్టిపోయిన మిఠాయి పొట్లంలా విప్పి చూశాను.

ఇక మిగిలినవి మూడు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇవే.

2023 నుంచి తెచ్చిన నిలవ ఫ్రీరెన్. సాధారణంగా కథలు రాక్షసరాజును చంపడంతో ముగుస్తాయి. ఇది అక్కడ మొదలవుతుంది. నలుగురు పదేళ్ళు కలిసి తిరిగి పని ముగించి ఇంటికొస్తారు. అందులో ఫ్రీరెన్ వెయ్యేళ్ళు దాటి బతికే జాతిది. ఆమెకు పదేళ్ళంటే మనకు పది రోజులు. యాభై ఏళ్ళకు వచ్చి చూస్తే నాయకుడు హిమ్మెల్ ముసలివాడైపోయాడు, కొన్నాళ్ళకే పోయాడు. సమాధి దగ్గర ఆమె ఏడుస్తుంది, ఈ మనిషి గురించి తెలుసుకోవడానికి తాను ప్రయత్నమే చేయలేదని. అక్కడి నుంచి ఆమె పాత దారినే మళ్ళీ నడుస్తుంది, ఈసారి ఒక శిష్యురాలితో. హిమ్మెల్ ఎప్పుడో చెప్పిన నీలిపువ్వును అతని విగ్రహం దగ్గర నాటడానికి నెలల తరబడి వెతుకుతుంది. పదవీ విరమణ తేదీ దగ్గర పడుతున్నవాళ్ళకు ఇందులో ఒక్కో దృశ్యం ఒక్కో నోటీసు. చివరి పది భాగాల్లో మంత్రగాళ్ళ పరీక్షలు పెట్టి మామూలు దారి పట్టారు. అది మాత్రం నాకు రుచించలేదు.

రుచి అన్నాను కాబట్టి డెలిషస్ ఇన్ డంజియన్. ర్యోకో కూయి అనే ఆమె 2014 నుంచి 2023 దాకా 14 సంపుటాల్లో గీసిన కథ. పాతాళంలో ఎర్ర డ్రాగన్ చెల్లెలిని మింగేసింది. అది అరిగించుకునేలోగా పోయి తీసుకురావాలి. చేతిలో డబ్బు లేదు. కాబట్టి దారిలో ఎదురైన భూతాలనే వండుకు తినాలి. నవ్వు పుట్టే సంగతే. కాని సెన్షి అనే గడ్డం మరుగుజ్జు వంటవాడు వచ్చాక నవ్వు వెనక శాస్త్రం బయటపడుతుంది. ఏ భూతంలో విషం ఎక్కడుంటుంది, దేన్ని ఎంతసేపు ఉడికించాలి, ఏది తింటే ఏది పెరిగి ఎవరికి ముప్పు. అతను మట్టి బొమ్మ భూతాల వీపుల మీద కూరగాయలు పండిస్తాడు! చంపినదాన్ని వృథా చేయకూడదు, తిన్నవాడు పడుకోవాలి, పొద్దున లేవాలి. ఏళ్ళ తరబడి ఒక్కడే నేర్చుకున్నదంతా నలుగురికి వడ్డిస్తూ వడ్డిస్తూ నేర్పేస్తాడు. 24 భాగాలతో కథ పూర్తి కాలేదు. అయినా వడ్డించినంత వరకు కడుపు నిండింది.

చివరిది ఆర్బ్. 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి దాకా 25 భాగాలు. మూలం ఉవోతో అనే అతను గీసిన కథ, 2022లో తెజుకా ఒసాము బహుమతి పొందింది. జపాను పేరులోని "చి" అనే శబ్దానికి నేల, నెత్తురు, జ్ఞానం అని మూడు అర్థాలూ పెట్టారు. 15వ శతాబ్దంలో, ఐరోపాలో పి అనే రాజ్యం. భూమి తిరుగుతుందన్నవాణ్ణి చిత్రహింస పెట్టి చంపుతారు. రఫాల్ అనే పన్నెండేళ్ళ తెలివైన కుర్రవాడు కథానాయకుడనుకుంటాం. మూడవ భాగంలో విషం తాగి చనిపోతాడు. పదేళ్ళ తరువాత అతను దాచిపెట్టిన పెట్టె ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతికి వస్తుంది. వాళ్ళూ పోతారు. ఇంకో పాతికేళ్ళు. ఇంకొకరు. ఎవ్వరూ చివర చూడరు. తన తరువాతివాడు ఎవడో కూడా తెలియకుండా అందించి పోతారు.

చరిత్ర చదివినవాళ్ళు ఒక మాట అడగవచ్చు. కోపర్నికస్ పుస్తకం 1543లో అచ్చయింది, చర్చి దాన్ని ఆపింది 1616లో. 15వ శతాబ్దంలో ఈ హింస కల్పన. అందుకే కాబోలు రాజ్యానికి పేరు పెట్టక ఒక అక్షరంతో సరిపెట్టారు. కొన్ని చిత్రహింసల దృశ్యాలు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

నన్ను పట్టుకున్నది ఓక్జీ. డబ్బు తీసుకుని ఇతరుల బదులు కత్తి పట్టేవాడు, చదువు లేనివాడు. యోలెంతా అనే అమ్మాయి అతనికి అక్షరాలు నేర్పుతుంది. ఆమె చదువుకున్నది, కాని ఆడపిల్ల కాబట్టి పరిశోధన చేయనివ్వరు. అక్షరాలు వచ్చిన ఓక్జీ తాను చూసింది తానే రాసుకుంటాడు. అతని పక్కనున్న బదేని మహా పండితుడు. తక్కువవాళ్ళు రాయడమేమిటని మొదట చిరాకు పడినవాడు, ఆ రాత పోకూడదని దాన్ని బీదవాళ్ళ తలల మీద పచ్చబొట్లుగా పొడిపిస్తాడు. జుట్టు పెరిగితే కనిపించదు. పుస్తకాన్ని తగలబెట్టినా రాత మిగులుతుంది.

మా అమ్మ బడికి పోలేదు. అక్షరాలు మా మేనమామ దగ్గర నేర్చుకుంది. ఆమె రాసిన నోటుబుక్కు ఒకటి మా ఇంట్లో ఉంది. పెండ్లి పాటలు, బాలింత మందులు, ఎవరికెంత బదులిచ్చింది, అన్నీ ఒకే వరుసలో, వంకర అక్షరాలతో. మా వాడు తెలుగు బాగా మాట్లాడతాడు. చదివింది తమిళం, ఇంగ్లీషు. అంటే నా తరువాత మా ఇంట్లో ఆ నోటుబుక్కు చదవగలిగినవాళ్ళు లేరు. ఆ మాట నాకు ఎప్పుడూ తెలిసిందే, పైకి అన్నది లేదు. ఓక్జీ భాగాలు చూసిన ఆదివారం మా వాడే అన్నాడు: "నాయనా, అవ్వ బుక్కు నువ్వు చదువు, నేను రికార్డు చేసుకుంటా." వారానికి ఒక పేజీ చదువుతాను, కాని నీకు వారానికి ఒక వరుస అక్షరాలు అన్నాను. "చూస్తాం లే" అన్నాడు. గుణింతాలు దాటినాడు. ఇప్పుడు ఒత్తుల దగ్గర నిలబడినాడు. బాలింత మందుల పేజీ వచ్చింది. "క్షయ"లో క్షకు ఇంత గొడవెందుకని విసుక్కుంటున్నాడు.

ఇప్పుడు పద్దు ముగిస్తాను. ఒకడు తన బలం పెంచుకుంటూ పోయే కథలు అయిదేళ్ళకోసారి పేరు మార్చుకుని వస్తాయి. చూసినంతసేపు బాగుంటాయి. ఒకరి చేతిలోది ఇంకొకరి చేతికి వెళ్ళే కథలు తక్కువ. ఆ ఏడు మూడు వచ్చాయి. కొత్తగా చూసేవాళ్ళు డంజియన్‌తో మొదలుపెట్టి, ఫ్రీరెన్ చూసి, గుండె గట్టిగా ఉన్న రోజుల్లో ఆర్బ్ పెట్టుకోవాలని నా సలహా. మూడూ కలిపి 77 భాగాలు, సుమారు 31 గంటలు. అది జమ. మిగతా 27 గంటలు ఖర్చు రాసుకున్నాను. అందులోంచి దాందాదాన్ ఏడవ భాగపు 24 నిమిషాలు మాత్రం తీసి జమలో వేశాను.