మైనం లేని మెట్లు

ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా చేసుకుందామనుకున్న ప్రతివాడూ ముందు కాగితం మీద గీసేది దాని ఒంపులే. కొమ్ములు ఎంత వాడిగా ఉండాలి, నడుము ఎక్కడ సన్నబడాలి, రంగు ఎరుపా నలుపా! మేముండే బహ్రెయిన్‌లోని మనామాలో ఎండాకాలపు శుక్రవారం మధ్యాహ్నం గడప దాటే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి ఇలాంటి బొమ్మలకు బోలెడు తీరిక. కానీ గిటార్‌కి ఆ ఒంపులతో పెద్ద పనిలేదు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే అమెరికన్ వాద్యకారుడు ఓ పైన్ దుంగకి మెడ తగిలించి, తీగలు బిగించి, పికప్ పెట్టి వాయించాడు. జనం మొహం చిట్లించారు. మామూలు గిటార్ ఒకటి నిలువునా కోసి ఆ రెండు ముక్కల్నీ దుంగకి చెరోపక్కా అతికించాక మెచ్చుకున్నారు.

చెక్క గురించి కూడా ఇంతే గొడవ. ఏ చెక్కకి ఏ నాదం అని వాదించేవాళ్లు రాత్రంతా వాదించగలరు. బహ్రెయిన్‌లో ఆ వాదానికి చోటు తక్కువ. ఖర్జూరం తప్ప చెప్పుకోదగ్గ చెట్టు లేని దీవి ఇది. కలప ఎప్పుడూ ఓడెక్కి రావాల్సిందే. ముహర్రక్‌లో ముత్యాల వేటకు కట్టిన పడవలు కూడా మలబారు నుంచి వచ్చిన టేకుతోనే తయారయ్యాయి. పాత పడవ పలక ఒకటి దొరికితే దాంతోనే గిటార్ చేయాలని నాకు భలే ఆశ. జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ తలుపులూ వార్డ్‌రోబులూ చేసే మా వడ్రంగి తమ్ముడు ఆ ఆశ మీద నీళ్లు చల్లాడు. "పాత పడవల మేకులుంటయన్నా. పైకి కనవడయ్. రౌటర్ బిట్టు తగిలిందనుకో, బిట్టూ పోతది, నీ వేలూ పోతది." చివరికి కొత్త టేకే కొన్నాం. టేకులో నూనె ఎక్కువ, జిగురు సరిగ్గా పట్టదు; అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. ఆ సంగతి కూడా అతను చెప్పిందే.

"మెడ వేరే ఎందుకన్నా, ఒక్క దుంగలనే తీస్తే గట్టిగుంటది గదా" అనేది అతని రెండో మాట. మాది విజయనగరం వైపు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసదుంగలోంచి కుండా దండీ ఒకటిగా తొలిచే ఏకాండి వీణల గురించి చెప్పేసరికి అతనికి గెలిచినంత సంబరం. కాదనలేను, కానీ నా ఓటు మెడని విడిగా బిగించిన గిటార్ల తయారీదారు లియో ఫెండర్‌కే. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. అందుకే కాబోలు, గిటార్‌ని రిపేరువాడి కంటితో చూశాడు: మెడ చెడితే నాలుగు స్క్రూలు విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. తొలిసారి చేసేవాడికి ఇంతకంటే దయగల ఏర్పాటు లేదు.

ఆ దయ మెట్ల దగ్గర ఆగిపోతుంది. వీణకి 24 మెట్లు. వాటిని బొగ్గుపొడి కలిపిన మైనంలో నిలుపుతారు. స్వరం పలికించి చూసి, చెవికి నచ్చకపోతే మైనం మెత్తబరిచి మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు. ఏళ్లు గడిచి స్థానం తప్పినా మళ్లీ మైనం ఉంది. గిటార్‌లో రంపంతో గాడి కోసి, మెట్టును సుత్తితో దిగ్గొడతాం. ఇక అది జరగదు. చెవి చేసే పని ముందే లెక్క చేసిపెట్టాలి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 17.817తో భాగిస్తే 36.4, పైనున్న నట్ నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన 611.6ని మళ్లీ 17.817తో భాగిస్తే 34.3, మొదటి మెట్టు నుంచి అంత దూరంలో రెండోది. ఇలా పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. రెండుకి పన్నెండో మూలమే ఈ లెక్కంతా. కానీ కోసేటప్పుడు ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి కొలుస్తూ పోకూడదు, ప్రతిదాన్నీ నట్ నుంచే కొలవాలి. లేకపోతే రంపం చేసే చిన్న తప్పులన్నీ వరుసగా పేరుకుపోతాయి. చివరి మెట్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడంలో దాదాపు పదో వంతు పోయినట్టే. తలుపు ఫ్రేములో ఒక మిల్లీమీటరు ఎవడు చూడొచ్చాడు?

ఈ లెక్కలు చూసి ఆఫీసులో ఊద్ అనే అరబ్బుల తీగవాద్యం వాయించే బహ్రెయినీ మిత్రుడు జాలిపడ్డాడు. ఊద్‌కి మెట్లే ఉండవు. రాగాల్లాంటి వాళ్ల మకామ్‌లకి మన పన్నెండు స్థానాల మధ్యలో పలికే స్వరాలు కూడా కావాలి కాబట్టి కంచెలు కట్టుకోరు. అలాగని ఇక్కడివాళ్లు గిటార్ ముట్టలేదని కాదు. సాదెకీ సోదరుల ఒసైరిస్ బృందం 1982లోనే ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ తెచ్చింది. మనవాళ్లలో పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ మెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే గమకాలు పలికించారు. ఎనిమిది తీగల్ని అయిదుకి తగ్గించుకున్నారు. వాద్యం ఒప్పుకోకపోతే వాద్యాన్నే మార్చుకోవడం మనకేం కొత్త కాదు.

బయట ఉక్కపోత, లోపల ఏసీ. చెక్కకి ఈ రెండింటి మధ్య ఊపిరాడదు. తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా పెద్దగా మారదు. కాబట్టి మెట్ల మధ్య దూరాలకి భయం లేదు గానీ, ఏసీకి ఎండి మెడ సన్నబడితే మెట్ల కొసలు పక్కకి పొడుచుకొచ్చి చెయ్యి గీరుతాయి. కొన్న చెక్కని వారాల తరబడి గదిలో ఆరనిచ్చి అప్పుడు కోయడమే మందు. పోనీ లోహంతో చేద్దామా అంటే, 1932లో అమ్మకానికొచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ పోతపోసిన అల్యూమినియంది. వేదిక దీపాల వేడికే శ్రుతి తప్పేది.  అల్యూమినియం కరిగించే అల్బా కర్మాగారం ఈ దీవిలోనే ఉన్నా ఆ లోహం జోలికి పోను. ఏసీ గదిలోంచి కారులోకి చేరేసరికే శ్రుతి పోతుంది.

పికప్ మాత్రం కొనేశాను. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగితీగని వేలసార్లు చుట్టాలి, చుట్టేవాళ్లకి దండం. ఒంటి చుట్ట పికప్ గోడల్లో తిరిగే కరెంటు హోరుని కూడా పట్టేస్తుంది. అందుకని రెండు చుట్టల్ని ఎదురుబొదురు కలిపి హోరుని తన్నేసే హంబకర్ తీసుకున్నాను. క్వీన్ బృందపు బ్రయాన్ మే తండ్రితో కలిసి 1963లో మొదలుపెట్టిన గిటార్‌కి పికప్‌లు కూడా తనే చుట్టుకున్నాడు గానీ, తర్వాత కొన్నవే పెట్టాడు. దాని మెడ పాత పొయ్యిగూటి చెక్క. మెట్ల మీది గుర్తులు వాళ్లమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాలు.

ముత్యాల దీవిలో ఉండి చిప్ప కోసం కుట్టుపెట్టె వెతకడమేంటని ఇక్కడి చిప్పలే తీసుకున్నాను. ఇవి చిన్నవి, పలచనివి. సమంగా ఉన్నచోట చిన్న చుక్కలు మాత్రం వస్తాయి. ఆ పొడి ఊపిరితిత్తులకి చేటు కాబట్టి తడిపి, మాస్కు కట్టుకుని కోయాలి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిదో మెట్లకి ఒక్కో చుక్క, పన్నెండుకి రెండు. ఇక మిగిలింది పాలిష్. ఈ తేమలో వార్నిష్ కొడితే తెల్లగా మసకేస్తుంది, చలికాలం దాకా ఆగి నూనె పట్టిద్దామని నేను. సోఫా కాళ్లకి కొట్టినట్టు నిగనిగలాడే మెరుపు లేకపోతే తన పేరు ఎక్కడా చెప్పొద్దని తమ్ముడు.