వీధికో సరుకు

సావో పాలోలో ఏ వస్తువు కొనాలన్నా ముందు వీధి పేరు తెలియాలి. షాపు పేరు తర్వాత. పెళ్ళికూతురి గౌను కావాలంటే సావో కేటానో వీధికి వెళ్ళాలి. ఊరంతా దాన్ని పెళ్ళికూతుళ్ళ వీధి అనే పిలుస్తుంది. గిటారుకు తెయోదోరో సంపాయో, పనిముట్లకు ఫ్లోరెన్సియో ది అబ్రెయు, హోటలు పెట్టేవాళ్ళ గిన్నెలూ గరిటెలకు పౌలా సౌజా, కంప్యూటరు విడిభాగాలకు శాంతా ఇఫిజేనియా. ఒకే సరుకు అమ్మేవాళ్ళంతా పక్కపక్కనే కూర్చుంటే ఎవరి బేరం ఎవరు చెడగొడతారోనని మనకు బెంగ గానీ, వాళ్ళకు లేదు.

వీటన్నిటికీ పెద్దన్న మార్చి 25 వీధి. బ్రెజిల్ తొలి రాజ్యాంగం 1824లో ఆ తేదీన వచ్చింది, ఆ పేరే పెట్టారు. సిరియా, లెబనాన్‌ల నుంచి వలస వచ్చిన బట్టల వర్తకులు ఈ వీధికి ఊపిరి పోశారు. ఇప్పుడు చైనా సరుకుదే రాజ్యం. గిల్టు నగలు, బొమ్మలు, రిబ్బన్లు, కార్నివాల్ మాస్కులు, క్రిస్మస్ తోరణాలు, అన్నీ గుట్టలే. సావో బెంతో మెట్రో స్టేషన్‌లో దిగితే జనమే తోసుకుంటూ తీసుకుపోతారు. డిసెంబరులో మాత్రం ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళు వెళ్ళొద్దు. మిగతా రోజుల్లో వెళ్ళండి, ఉదయాన్నే వెళ్ళండి, ఫోను చేతిలో ఆడించకండి. చాలా షాపుల్లో ధరలు రెండు: చిల్లరకొకటి, టోకుకొకటి. టోకు ధర చూసి మురిసిపోయే ముందు కనీసం ఎన్ని తీసుకోవాలో అడగాలి.

ధర చీటీ చదవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అద్దాల వెనక బూట్ల జత దగ్గర 19,90 అని బెత్తెడు అంకెలు కనిపిస్తాయి. ఇంత చవకా అనుకుని దగ్గరికి పోతే, పక్కన చీమంత అక్షరాల్లో పది వాయిదాలని ఉంటుంది. అసలు ధర 199 రెయాళ్ళు. వాయిదాల మీద కొనడం అక్కడ నామోషీ కాదు, వడ్డీ లేదని చెప్పి మరీ అమ్ముతారు. వడ్డీ ధరలోనే కలిసిపోయి ఉంటుందని నా గట్టి అనుమానం. కాబట్టి మొత్తం ఒకేసారి కడతానని చెప్పి తగ్గింపు అడగండి. నగదుకో ధర, కార్డుకో ధర పెట్టుకోవచ్చని 2017లో చట్టమే వచ్చింది. 2020 చివర్లో వచ్చిన పిక్స్ మన యూపీఐకి వేలు విడిచిన తమ్ముడు. కొబ్బరిబోండాల బండి మీద కూడా దాని కోడ్ అతికించి ఉంటుంది.

షాపింగ్ మాల్స్‌కూ కొదవ లేదు. ఇగ్వాతెమి 1966 నుంచీ ఉంది. ఏసీ చల్లదనం కావాలంటే వెళ్ళండి, అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

పెద్ద మార్కెట్టని పిలుచుకునే మున్సిపల్ మార్కెట్ చూడదగ్గదే. 1933 నాటి కట్టడం, రంగుటద్దాల కిటికీలు, బ్రెడ్డు కంటే మాంసం ముక్కలే లావుగా ఉండే మోర్తదెలా శాండ్‌విచ్. పండ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. రుచి చూడమని ముక్కలు కోసిచ్చి, మాటల్లో పెట్టి, తూకం వేసి గుండె ఆగే ధర చెప్పే కొందరి వ్యవహారం వార్తలకు కూడా ఎక్కింది. కళ్ళతో తిని బయటికి రండి. పక్కనే శాంతా రోజా వీధి చుట్టుపక్కల పప్పుధాన్యాల కొట్లున్నాయి. శనగలు, వేరుశనగ, పసుపు, లవంగాలు బస్తాల్లోంచి తీసి తూచి ఇస్తారు. మనవాళ్ళకు అక్కడ కాళ్ళు కదలవు.

నన్నడిగితే ఆ ఊళ్ళో అసలైన బజారు వీధి సంతే. 1914లో నగరపాలక సంస్థ దీనికి పద్ధతి ఏర్పరచింది. రోజుకో పేటలో, తెల్లారకముందే వీధి మూసేసి చారల గుడ్డ పందిళ్ళు వేస్తారు. అమ్మేవాళ్ళ కేకల్లో హాస్యం ఉంటుంది: "అందమైన అమ్మాయి డబ్బివ్వక్కర్లేదు, సరుకూ పట్టుకెళ్ళక్కర్లేదు!" అరటిపళ్ళు డజను లెక్క, టమాటాలు గిన్నె లెక్క. బెండకాయలు, పనసతొనలు, నేరేడులా నల్లగా మెరిసే జబుతికాబా కనిపిస్తాయి. జీడిపండు కింద గింజ వేలాడుతుండగానే పెట్టి అమ్ముతారు. ఈ చెట్టు పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి బ్రెజిల్ నుంచే మనకు వచ్చింది. మన ఉద్దానం తోటల్లో గింజ పలాస చేరుతుంది, పండు ఎక్కువగా చెట్టు కిందే పోతుంది. అక్కడ ఆ పండుకే డబ్బిచ్చి, రసం తీసి తాగుతారు.

సంత చివర పాస్తెల్ బండి. పల్చని పిండి రేకు మధ్య జున్నో మాంసమో పెట్టి, అంచులు నొక్కి, సలసల కాగే నూనెలో వేస్తారు. దిండులా ఉబ్బి పైకి తేలుతుంది. మూల కొరికితే ముందు వేడి ఆవిరి, తర్వాతే కూరు. తొందరపడితే నాలుక కాలుతుంది. పక్కన నిమ్మకాయ పిండిన చెరకురసం ఉండాల్సిందే.

మంచి కూరగాయలు కావాలంటే పొద్దున్నే వెళ్ళాలి, చవకగా కావాలంటే మధ్యాహ్నం సర్దుకునే వేళకు. ఒంటిగంట దగ్గరపడేసరికి పొద్దున ఒక గిన్నెకిచ్చిన డబ్బుకు రెండు గిన్నెలు వస్తాయి. సంచీ మీరే తీసుకెళ్ళండి. సోమవారం మాత్రం బయల్దేరకండి, ఆ రోజు సంతలకు సెలవు.