సోడా అంటే మాకు తెలిసింది

మేము హాస్టల్లో చేరిన ఏడు ఒక సాయంత్రం ఎవరో పెద్దసారు తనిఖీకి వచ్చారు. వార్డెన్ సారు మాలో ఇద్దరికి డబ్బులిచ్చి "సోడా పట్టుకురండిరా" అన్నారు. పరుగున పోయి కిరాణా కొట్లో వంటసోడా పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టాం. ఆరోజు పడిన తిట్లు మా బ్యాచి వాళ్లెవరూ మర్చిపోలేదు.

తప్పు మాది కాదు. మా ఇళ్లల్లో సోడా అంటే రెండే. ఒకటి అమ్మ బట్టలు నానబెట్టే చాకలిసోడా, రెండోది బజ్జీల పిండిలో వేసే తినేసోడా. హాస్టల్లో పప్పు తొందరగా ఉడికిన రోజున "వంటాయన సోడా గట్టిగానే వేశాడ్రోయ్" అనుకునేదీ దాన్నే. గోలీసోడా అని కలిపి అంటేనే మాకు తాగేది.

1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన నీళ్లలో కార్బన్ డయాక్సైడు కరిగించాడని సైన్సు సారు చెప్పారు. తొలిరోజుల్లో ఆ నీళ్లలో సోడా ఉప్పు కలిపేవారట, అందుకే ఆ పేరు. మెడలో గోలీ ఉండే సీసాకు హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు వాషరుకు అదిమి పెడుతుంది. ఇక వేరే మూతెందుకు! అది తెలిసేదాకా, సీసా గోలీని ఎట్లా మింగిందా అని రాత్రిళ్లు వాదించుకునేవాళ్లం.

మా ఊళ్లో సోడాకొట్టు దగ్గర మిగతావాళ్లు సీసా ఎత్తి తాగేవారు. మా చేతికి సీసా ఇచ్చేవాడు కాదు. చూరులో దోపిన గ్లాసు మేమే తీసుకుంటే పైనుంచి పోసేవాడు. తాగాక మేమే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. డబ్బులు మాత్రం అందరితో సమానమే. కీచుమనే చప్పుడు మేమూ వినేవాళ్లం గానీ, ఆ పొంగు మా నాలుకదాకా వచ్చేది కాదు.

పదో తరగతి ఆఖరి పరీక్షనాడు అందరం చిల్లర పోగేసుకుని బస్టాండు దగ్గర సోడాబండికి వెళ్లాం. బండాయన గోలీ నొక్కి సీసా చేతికిచ్చాడు. మేము గ్లాసు కోసం అటూ ఇటూ చూశాం.

"గ్లాసెందుకయ్యా, ఎత్తి తాగండి" అన్నాడు.

గ్యాసు ముక్కుల్లోకి ఎక్కి కళ్లనీళ్లు తిరిగాయి. గ్యాసువల్లేనని ఒకరికొకరం చెప్పుకున్నాం.

కాలేజీలో ఎవరో "డ్రింకు తాగుతావా" అంటే, మందనుకుని మాలో ఒకడు దణ్ణం పెట్టేశాడు. అక్కడ కూల్‌డ్రింక్ అనే మాట వచ్చి సోడాను పక్కకు నెట్టింది. రామచంద్రపురం వైపు కుర్రాళ్లు మాత్రం ఆర్టోస్ తప్ప ఇంకో పేరెత్తనిచ్చేవారు కాదు. ఇప్పుడు మాలో సగంమందివి సోడాబుడ్డి కళ్లద్దాలే.

ఈసారి వార్షికోత్సవానికి తమ్ముళ్లందరికీ గోలీసోడాలు మా బ్యాచి తరఫున. గ్లాసులు తెప్పించవద్దని వార్డెన్ సారుకు ముందుగానే మనవి.