చెట్టుకు కావలసిన వెలుగు

పల్లెల నుండి హైదరాబాదు వెళ్లినవారు చార్మినారును, సాలార్‌జంగ్ మ్యూజియమును చూచి తిరిగి వస్తారు. ఈసారి వెళ్లినప్పుడు నయాపూల్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న పాత చింతచెట్టును కూడ చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నప్పుడు, సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. ఆసుపత్రి భవనం ఆ తరువాత లేచినదే.

చింత ఎండను కోరే చెట్టు. నలువైపుల వెలుగు సోకితేనే అది గొడుగువలె విచ్చుకొని, మనుష్యులను మోయగల కొమ్మలు వేస్తుంది.

పాతబస్తీలో వెనుకటి దేవిడీలకు నడుమ విశాలమైన ముంగిలి, అందులో చెట్లు ఉండేవి. ఇళ్లు ఒకటి రెండు అంతస్తులే గనుక ఎండ లోపలికి దిగేది. ఇప్పుడు చాలా దేవిడీలు పోయి, ఇరుకు సందుల్లో నాలుగైదు అంతస్తుల కట్టడాలు వచ్చాయి. వాటి మధ్య మిగిలిన వేపకో రావికో పగటిలో కొంతసేపే ఎండ అందుతుంది.

నీడ లెక్క కష్టమైనదేమీ కాదు. హైదరాబాదులో మే రెండవ వారంలోను, మరల ఆగస్టు మొదటిలోను మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. గోడ నీడ గోడ కిందే పడుతుంది. డిసెంబరు చివర సూర్యుడు దక్షిణానికి వాలడంతో, 50 అడుగుల భవనం నీడ మధ్యాహ్నమే ఉత్తరంగా సుమారు 43 అడుగులు చాస్తుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. భవనానికి తూర్పునో పడమరనో ఉన్న చెట్టుకైతే ఏడాది పొడవునా రోజులో ఒక పూట ఎండ తగ్గుతుంది.

ఆకు తన ఆహారాన్ని వెలుగుతోనే వండుకొంటుంది. వెలుగు తగ్గితే కొమ్మలు సన్నబడతాయి, పూత కాపు తగ్గుతాయి. చెట్టు వెలుగున్న వైపుకే సాగి, బరువంతా ఒక ప్రక్కకు చేరుతుంది. అటువంటి చెట్టుకు గాలివానలో ప్రమాదమెక్కువ. గట్టుమీది చెట్టు నీడలో పైరు ఎదగదని రైతుకు తెలిసిన సంగతే. ఇక్కడ గోడ నీడలో చెట్టుకు అదే గతి.

మన గ్రామాలలోను ఇప్పుడు మేడలు లేస్తున్నాయి. ఇంటికి, బడికి, గుడికి ఉత్తరాన మొక్క నాటేటప్పుడు గోడ ఎంత ఎత్తో కనీసం అంత దూరం వదలండి. అంత చోటు లేకపోతే అక్కడ కొంత నీడను ఓర్చుకొనే పసుపు, అల్లం వేసుకొని, చింతను, వేపను ఎండ తగిలే వైపు నాటండి. పిల్లలకు రేపు నీడనిచ్చే చెట్టుకు నేడు ఎండ కావాలి.